అద్దె పాతది, అమ్మకం కొత్తది

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవి పల్లెల్లో ఒక పాత కట్టడి ఉంది. ఒక ఊరివాళ్లకు పక్క ఊరి అడవిలోంచి కలప కావలసివస్తే ఆ ఊరికి కొంత రుసుము చెల్లించి తెచ్చుకోవాలి. దాన్ని దేవసారి అంటారు, కొన్నిచోట్ల దండ్ అనీ మాన్ అనీ అంటారు. కొన్ని ఊళ్లు తమ అడవికి కాపలా మనిషిని పెట్టుకుని, అతనికి ఇంటికింత అని గింజలు పోగుచేసి ఇచ్చేవి. ఏ ఊరి నేలను ఆ ఊరికి భూమితల్లే ఇచ్చిందని మరియాలు, మురియాలు, ధుర్వాలు, భత్రలు, హల్బాలు నమ్ముతారు. తమ పొలిమేర ఎక్కడిదాకానో వాళ్లకు తెలుసు, ఆ పొలిమేర లోపలి ఏటికీ కొండకూ చెట్టుకూ మొక్కుతారు.

ఈ ఏర్పాటులో వాడుకునేవాడు ఉన్నాడు, కాపాడేవాడు ఉన్నాడు, వాళ్ల మధ్య చేతులు మారే రుసుము ఉంది. కొనేవాడు మాత్రం లేడు. 1905లో వలస ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామని ప్రతిపాదించింది. పోడు ఆగిపోతుంది, వేట ఆగిపోతుంది, అడవిలో ఏరుకునేదీ ఆగిపోతుంది. 1910లో కాంగేర్ అడవుల వైపు మొదలైన తిరుగుబాటు బస్తర్ అంతటా పాకింది. నేత్‌నార్‌కు చెందిన గుండా ధుర్ పేరు భూమకాల్ అని పిలిచే ఆ తిరుగుబాటుతో నిలిచిపోయింది. తిరుగుబాటును అణిచేశారు గానీ, రిజర్వు చేయదలచిన అడవిని దాదాపు సగానికి తగ్గించుకోక తప్పలేదు. ఇలాంటి చోట ఇల్లు కొని అద్దెకివ్వాలనుకునేవాడు ధర గురించి ఆలోచించే ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఇక్కడ అద్దె అనే భావన పాతది, నేలను అమ్మడం కొత్తది. ఆ రెండింటి మధ్య ఉన్న ఎడమే ఇప్పటికీ ప్రతి దస్తావేజులో కనిపిస్తుంది.

తెలుగువాడికి బస్తర్ మరీ పరాయి చోటు కాదు. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం పెట్టాడని, బస్తర్ రాజవంశం ఆయన నుంచే వచ్చిందని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ వంశంవాడైన దళపతిదేవుడి పేరు మీద ఉన్న చెరువు బస్తర్ కేంద్రమైన జగ్దల్‌పూర్ నడిబొడ్డున ఇప్పటికీ ఉంది. సుక్మా జిల్లాలో కుంట, బీజాపూర్ జిల్లాలో భోపాలపట్నం వైపు తెలుగు మాట వినపడుతుంది. హైదరాబాద్ నుంచి భోపాలపట్నానికి 163వ నంబరు జాతీయ రహదారి, విజయవాడ వైపు నుంచి భద్రాచలం, కుంట మీదుగా జగ్దల్‌పూర్‌కు 30వ నంబరు రహదారి వెళతాయి. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం అరకు మీదుగానే ఎక్కుతుంది. ఆ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో ఉంది. 2020 సెప్టెంబరులో హైదరాబాద్–జగ్దల్‌పూర్–రాయపూర్ విమానం మొదలైంది. 2023లో నగర్నార్ ఉక్కు కర్మాగారం నడక అందుకుంది. మావోయిస్టు సమస్యను ముగించడానికి 2026 మార్చి 31 గడువు అని కేంద్రం ప్రకటించింది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడేసరికి విశాఖలో, ఖమ్మంలో, హైదరాబాద్‌లో కొంత డబ్బు చేతిలో ఉన్నవాళ్ల చూపు జగ్దల్‌పూర్ మీదికి మళ్లడం సహజమే.

ఇల్లు పెట్టుబడి అనుకున్నప్పుడు ముందు చేయవలసింది లెక్క. చాలామంది చేయనిదీ అదే. కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న, ‘ఐదేళ్లలో ఎంత పెరుగుతుంది?’ అడగవలసింది, ‘వచ్చే నెల ఒకటో తారీఖున ఎంత వస్తుంది?’ పెరుగుదల ఒక అంచనా. అద్దె మాత్రం ఎవరో ఒక మనిషి తన సంపాదనలోంచి తీసి ఇచ్చే సొమ్ము. ఆ ఇంట్లో ఉండటం వల్ల అతనికి ఎంత ఉపయోగమో అంతే ఇస్తాడు, అంతకు మించి ఇవ్వలేడు. అందుకే ఇంటి అసలు విలువ తేల్చడానికి అద్దెను మించిన కొలత లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. జగ్దల్‌పూర్‌లో ఒక ఇల్లు 40 లక్షలకు వస్తుందనుకుందాం. స్టాంపు, రిజిస్ట్రేషన్, చిన్నాచితకా మరమ్మతులు కలిపి ఇంకో 4 లక్షలు అనుకుందాం. నెలకు 11,000 అద్దె వస్తే ఏడాదికి 1,32,000. అద్దెకున్నవాళ్లు మారినప్పుడు ఒక నెల ఖాళీ తప్పదు, మిగిలేది 1,21,000. ఇంటిపన్ను, సున్నం, బోరు మోటారు, కారే పైకప్పు, వీటికి 16,000 తీసేస్తే చేతికొచ్చేది 1,05,000. పెట్టిన 44 లక్షల మీద అది రెండున్నర శాతం కూడా కాదు. ఇదే ఇంటికి 30 లక్షల అప్పు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి తెచ్చి ఉంటే, మొదటి ఏడాది వడ్డీయే రెండున్నర లక్షల దాకా అవుతుంది. అంటే అద్దె మొత్తం వడ్డీకి కట్టినా ఇంకా లక్షన్నర చేతి నుంచి పడుతుంది. అమెరికాలో అద్దె ఇళ్లు కొనేవాళ్లు ధరలో ఒక శాతం నెల అద్దెగా రావాలని ఒక మోటు సూత్రం చెప్పుకుంటారు. మన దేశపు నగరాల్లో ఏడాది మొత్తానికి రెండు నుంచి నాలుగు శాతం వస్తే మామూలు. కాబట్టి మన దగ్గర అద్దె కోసం ఇల్లు కొన్నానని చెప్పేవాడు చాలాసార్లు నిజానికి ధర పెరుగుదల మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు, అద్దె దానికి తోడుగా వచ్చే చిల్లర.

అదే స్థలంలో ఒక ఇల్లు కాకుండా ఆరు గదుల లైను ఇళ్లు వేస్తే లెక్క కొంత మారుతుంది. గదికి 3,000 చొప్పున నెలకు 18,000. ఖాళీలు, నీళ్లు, కరెంటు, పాయిఖానాల బాగుసేత తీసేసినా రాబడి మూడు శాతం దాటవచ్చు. కానీ లైను ఇళ్లను దూరం నుంచి నడపలేరు. హైదరాబాద్‌లో కూర్చుని జగ్దల్‌పూర్‌లో ఆరుగురి దగ్గర అద్దె వసూలు చేసుకోవాలంటే అక్కడ ఒక నమ్మకమైన మనిషి ఉండాలి. ఆ మనిషి కూలి ఈ లెక్కలోకి ఇంకా రాలేదు.

అద్దెకు ఉండేది ఎవరు? ఊరిని చూడకముందే ఈ ప్రశ్నకు జవాబు వెతకాలి. 2011 జనగణన నాటికి జగ్దల్‌పూర్ జనాభా లక్షా పాతికవేల పైచిలుకు. డివిజన్ కేంద్రం కాబట్టి కార్యాలయాలున్నాయి. డిమరాపాల్‌లో బలిరాం కశ్యప్ పేరిట ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. 2008లో పెట్టిన బస్తర్ విశ్వవిద్యాలయం ఇప్పుడు మహేంద్ర కర్మ పేరు మీద నడుస్తోంది. భద్రతా బలగాలున్నాయి, రైల్వే ఉంది. వీళ్లలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు అద్దెకు ఎంత పెట్టగలరో జీతం చీటీలోనే రాసి ఉంటుంది. ఇంటి అద్దె భత్యం విషయంలో నగరాలు మూడు తరగతులు: ఎక్స్, వై, జెడ్. రాయపూర్ వై, జగ్దల్‌పూర్ జెడ్. 2024 జనవరి నుంచి జెడ్ తరగతి ఊళ్లలో భత్యం మూలవేతనంలో 10 శాతం. 35,400 మూలవేతనంతో చేరిన ఉద్యోగికి అద్దె భత్యం 3,540 రూపాయలు. పైన 11,000 అద్దె అనుకున్న ఇంట్లో అతను చేరాలంటే తక్కినది సొంత జేబులోంచి పెట్టుకోవాలి. చేరేవాళ్లు ఉండవచ్చు, కానీ తక్కువమంది. ఊరి అద్దెల పైకప్పు ఎంత ఎత్తున ఉందో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది. దళారీ చూపించే బ్రోచర్లలో ఇది ఉండదు.

ఇక నగర్నార్. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో ఎన్‌ఎండీసీ కట్టిన కర్మాగారం, జగ్దల్‌పూర్‌కు పదహారు కిలోమీటర్ల దగ్గర్లో ఉంది. ఇంత పెద్ద ఫ్యాక్టరీ వస్తే అద్దెలు ఎగబాకుతాయని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ ప్రభుత్వరంగ సంస్థల అలవాటును గుర్తుంచుకోవాలి. అవి తమ పర్మినెంటు ఉద్యోగుల కోసం టౌన్‌షిప్పులు కట్టుకుంటాయి. కిరండూల్, బచేలి అలా పెరిగిన ఊళ్లే. క్వార్టర్లో ఉన్న ఇంజనీరు బయట అద్దెకు రాడు. వచ్చేది కాంట్రాక్టు కార్మికుడు, లారీ డ్రైవరు, చిన్న వర్క్‌షాపు నడిపేవాడు, విశాఖ నుంచి ఏడాది పనికి వచ్చిన వెల్డరు. విశాఖ ఉక్కు చుట్టూ గాజువాక, కూర్మన్నపాలెం బస్తీల్లో గదుల అద్దెలను నిలబెట్టినవాళ్లలోనూ ఇలాంటివాళ్లే ఎక్కువ. వాళ్లకు కావలసింది మూడు పడకగదుల ఇల్లు కాదు, శుభ్రమైన ఒక గది, నీళ్లు, మోటారు సైకిలు పెట్టుకునే చోటు. పైగా నగర్నార్ కర్మాగారాన్ని వ్యూహాత్మకంగా అమ్మేయాలని 2020లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఆ తర్వాత దాన్ని ఎన్‌ఎండీసీ స్టీల్ అనే వేరే కంపెనీగా విడదీశారు. ఒకే యజమాని మీద ఆధారపడ్డ ఊళ్లో అద్దె ఇల్లు కొంటే, ఆ యజమాని ఎవరవుతారన్న సందిగ్ధాన్ని కూడా కొన్నట్టే.

ఇంతవరకు చెప్పిన లెక్క ఏ ఊరికైనా వర్తిస్తుంది. బస్తర్‌కు ప్రత్యేకమైన ప్రశ్న వేరే ఉంది. ఈ నేల ఎవరిది?

ఛత్తీస్‌గఢ్ భూ రెవెన్యూ నియమావళి 1959 నాటిది, మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చింది. గిరిజనులు ఎక్కువగా ఉన్నట్టు ప్రకటించిన ప్రాంతాల్లో గిరిజన పట్టాదారు భూమిని గిరిజనేతరుడికి అమ్మడం గానీ మరో రూపంలో బదిలీ చేయడం గానీ కుదరదని దాని 165(6) సెక్షన్ చెబుతుంది. అప్పు కింద జమకట్టుకోవడమూ కుదరదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న వ్యవసాయేతర స్థలాన్ని మరో గిరిజనేతరుడు కొనాలన్నా కలెక్టరు అనుమతి అడిగే నిబంధన అందులోనే ఉంది. వీటికంటే లోతుగా తగిలేది 1980లో చేర్చిన 170-బి. 1959 అక్టోబరు 2 నుంచి ఆ సవరణ అమల్లోకి వచ్చేదాకా ఎప్పుడైనా గిరిజనుల పేరిట ఉన్న వ్యవసాయ భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు, అది తమకు ఎలా వచ్చిందో రెవెన్యూ అధికారికి తెలపాలి. తెలపకపోతే హక్కు లేకుండా అనుభవిస్తున్నట్టు లెక్క, భూమి పాత పట్టాదారుకు తిరిగి చేరుతుంది. ఆ తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమిని తిరిగి ఇప్పించే అధికారం గ్రామసభకూ ఇచ్చారు.

అంటే ఏమిటి? మన దగ్గర పహాణీ, 1బి చూసినట్టు అక్కడ బి-1, ఖస్రా చూస్తారు, ‘భుయియా’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇవాళ్టి పట్టాదారు పేరు కనిపిస్తుంది. అది చాలదు. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లతో తృప్తిపడే హైదరాబాద్ అలవాటు ఇక్కడ పనికిరాదు. 1959 దాకా వెనక్కి నడవాలి. మధ్యలో ఎక్కడైనా ఒక మరియా పేరో ఒక హల్బా పేరో తగిలితే, అక్కడి నుంచి నేల ఎలా చేయి మారిందో కాగితం ఉండాలి. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చిన డైవర్షన్ ఉత్తర్వు ఉందా? ఊరి నడుమ స్థలమైతే అది నజూల్, అంటే ప్రభుత్వానిదా? అక్కడ నేలను డెసిమల్లలో కొలుస్తారు. ఒక డెసిమల్ నలభై ఎనిమిది గజాలకు కాస్త ఎక్కువ, ఐదు డెసిమల్లు 242 గజాలు. గజాల లెక్క మార్చుకోవడం నిమిషం పని, కాగితాల వెనక్కి 1959 దాకా నడవడం నెలల పని. ఆ నెలలు పెట్టే ఓపిక లేనివాడు అక్కడ కొనకపోవడమే మేలు. మంచి వకీలుకిచ్చే ఫీజును ఇంటి ధరలో భాగంగా చూడాలి, దండగ అనుకోకూడదు.

తెలుగు పాఠకుడికి ఇది కొత్త కాదు. గోదావరి, విశాఖ ఏజెన్సీల్లో గిరిజన భూమి చేతులు మారకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో బిగించారు. అదే అందరూ చెప్పుకునే 1/70. ఏజెన్సీలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఏదైనా మొదట గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది, కాదని రుజువు చేసుకునే బరువు అనుభవిస్తున్నవాడిదే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న వచ్చిన తీర్పు ఇంకో మెట్టు ఎక్కింది: ప్రభుత్వం కూడా ఈ చట్టం దృష్టిలో ఒక వ్యక్తే, గిరిజనేతరులకు లీజుకిచ్చినా అది బదిలీయే. అద్దె ఇళ్ల మీద పెట్టుబడి పెట్టేవాడు ఈ తీర్పును తప్పక చదవాలి. అమ్మకం కాదు కదా, లీజే కదా అని సమాధానపడటానికి షెడ్యూల్డ్ ప్రాంతంలో వీల్లేదని అది తేల్చింది.

అయినా భద్రాచలంలో, అరకులో, ఉట్నూరులో తెల్లకాగితం మీద కొనుగోళ్లు ఆగలేదు. స్థలం గిరిజనుడి పేరిట, కట్టడం ఇంకొకరి డబ్బుతో, అద్దె ఇంకొకరి జేబులోకి. బస్తర్‌లోనూ కొందరు ఇదే దారి చూపిస్తారు: ‘మా దగ్గర ఒక మనిషి ఉన్నాడు, అతని పేరు మీద పెడదాం.’ 2016లో సవరించిన బినామీ చట్టం దీనికి ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి మార్కెట్ విలువలో నాలుగో వంతు దాకా జరిమానా వేస్తుంది. ఆస్తిని జప్తు చేస్తుంది. శిక్ష భయం పక్కన పెట్టినా, పేరు అరువిచ్చిన మనిషికి దక్కేదేమిటో ఆలోచించాలి. అతని నేల మీద ఇల్లు లేస్తుంది, అద్దె వస్తుంది, అతను మాత్రం తన స్థలంలో తానే కాపలావాడిగా మిగులుతాడు. ఇలాంటి పెట్టుబడికి రాబడి ఎంత శాతమైనా సరే, దాన్ని మంచి పెట్టుబడి అనడం తప్పు.

నేల ధర ఎలా మోసం చేస్తుందో బస్తర్ చూసినంతగా మరో జిల్లా చూసి ఉండదు. మాలిక్ మక్బూజా అనేది పట్టా భూమిలోని చెట్ల మీద యజమానికి ఉండే హక్కు. బస్తర్ పొలాల గట్ల మీద టేకు, సాల, వేగిస మాన్లు ఉంటాయి. పొలం ధర వందల్లోనో వేలల్లోనో ఉన్న రోజుల్లో ఆ చెట్ల ధర లక్షల్లో ఉండేది. గిరిజనుల చెట్లను కాపాడటానికి 1956లోనే మధ్యప్రదేశ్ ఒక చట్టం చేసింది. అయినా 1990లలో కలప వ్యాపారులు కొందరు అధికారులతో కుమ్మక్కై అలాంటి భూములను చౌకగా రాయించుకున్నారు, చెట్లు కొట్టించి అమ్ముకున్నారు. లోకాయుక్త విచారణ జరిగింది, సుప్రీంకోర్టు కలగజేసుకుంది, దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. అమ్మినవాడికి పొలం లెక్క ఒక్కటే చెప్పారు. కొన్నవాడు మాను మాను లెక్కపెట్టుకున్నాడు. మార్కెట్ ధర అనే మాట వాడేముందు, బేరంలో ఇద్దరికీ ఒకే సంగతులు తెలుసా అని అడగాలని ఆ కుంభకోణం నేర్పింది.

లోహండిగూడ కథ ఇంకోరకం. 2005లో టాటా స్టీల్ అక్కడ కర్మాగారానికి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పది గ్రామాల్లో 1,707 మంది రైతుల నుంచి 1,764 హెక్టార్లు సేకరించారు. గ్రామసభలు భయపెట్టి జరిపించారని జనం గోల పెట్టారు. ఏళ్లు గడిచాయి, ఫ్యాక్టరీ రాలేదు, 2016లో కంపెనీ తప్పుకుంది. సేకరించిన భూమి ఐదేళ్లు వాడకపోతే తిరిగి ఇవ్వవచ్చని 2013 భూసేకరణ చట్టంలోని 101వ సెక్షన్ చెబుతుంది. 2018 చివర్లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ భూమిని వెనక్కిచ్చింది, 2019 ఫిబ్రవరిలో రైతులకు కాగితాలు అందాయి. పెద్ద కంపెనీ వస్తోందన్న ప్రకటన చూసి 2006లో చుట్టుపక్కల గదులు కట్టినవాడు ఎవరైనా ఉంటే, పదేళ్ల పాటు ఆ గదుల్లో చేరే కార్మికుడి కోసం ఎదురుచూసి ఉంటాడు. ప్రకటనకు అద్దె రాదు. కొలిమి వెలిగాక, షిఫ్టు సైరన్ మోగాక, కార్మికుడు గది వెతుక్కుంటూ వచ్చాకే వస్తుంది.

ఈ జాగ్రత్త ఇప్పటి ప్రకటనలకూ వర్తిస్తుంది. రాయపూర్–విశాఖపట్నం ఆరు వరుసల ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 464 కిలోమీటర్లు. దాని పేరు చెప్పి జగ్దల్‌పూర్‌లో స్థలాలు అమ్మజూపేవాళ్లు పటం విప్పి చూపించాలి. అది కాంకేర్, కొండగావ్ జిల్లాల మీదుగా ఒడిశాలో నబరంగ్‌పూర్, కోరాపుట్ వైపు తిరుగుతుంది, జగ్దల్‌పూర్‌ను తాకదు. జగ్దల్‌పూర్ నుంచి సొంత రాష్ట్ర రాజధానికి నేరుగా రైలుమార్గం ఇప్పటికీ లేదు. రావ్‌ఘాట్–జగ్దల్‌పూర్ లైనుకు 2025లో మంజూరు వచ్చింది. అది పూర్తయిన రోజున ఊరు నిజంగా మారుతుంది. ఆ రోజు ధరను ఇవాళ చెల్లించడం మాత్రం ఎందుకు?

భూమి బదిలీని ఇంతగా కట్టడి చేయడం గిరిజనులకే నష్టమనే వాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఊరి అంచున రెండెకరాలున్న గిరిజన కుటుంబం కూతురి చదువుకు పావెకరం అమ్మాలన్నా కొనగలిగేవాళ్లు తక్కువ, వాళ్లలో డబ్బున్నవాళ్లు ఇంకా తక్కువ. వేలం వేసినా గిరిజనేతరుడు కొనలేడు కాబట్టి ఆ భూమిని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకు వెనకాడుతుంది. పక్క వీధిలో గిరిజనేతరుడు అప్పు తెచ్చి మేడ కట్టి అద్దెలు తింటుంటే, అంతకంటే మంచి చోట నేల ఉన్న గిరిజనుడు పెంకుటిల్లు దాటలేడు. ఇది నిజమైన అన్యాయం. ఈ కట్టడిని 2017 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం కొంత సడలించబోయింది. గిరిజనుల భూమిని ప్రభుత్వం ఒప్పందం మీద కొనేలా నియమావళిని సవరించే బిల్లు శాసనసభలో నెగ్గింది. గిరిజన సంఘాలు ఒక్కటై ఎదిరించాయి. నెల తిరగకుండానే 2018 జనవరిలో బిల్లును వెనక్కి తీసుకున్నారు. తమ నేల తమ చేతిలోంచి జారిపోయే ఏ తలుపూ తెరవవద్దని వాళ్లు ఎందుకంటున్నారో మాలిక్ మక్బూజా తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు.

ఆ నేలను అమ్మకుండానే అద్దె తెచ్చుకునే దారి ఉందా? ఉంది, దాని మొలక కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం దగ్గర ధూడ్‌మారస్‌లో కనిపిస్తుంది. ఎక్కువగా ధుర్వాలు ఉండే ఆ ఊళ్లో గ్రామస్థులే పర్యాటకులకు తమ ఇళ్లలో బస ఇస్తున్నారు, ఏట్లో కయాక్‌లు నడుపుతున్నారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల పెంపు కార్యక్రమానికి ప్రపంచమంతటి నుంచి ఎంపిక చేసిన 20 ఊళ్లలో ఇది ఒకటి. చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలకు వచ్చేవాళ్లు ఒక రాత్రి ఉండటానికి ఇచ్చే డబ్బు ఇక్కడ నేల యజమానికే చేరుతుంది. పట్టా మారదు, 165(6) అడ్డం రాదు, కలెక్టరు అనుమతి అక్కర్లేదు. పెట్టుబడి శాతాల్లో ఆలోచించేవాడికి ఈ గది లెక్క ఆశ్చర్యంగా ఉంటుంది. నేలకు పైసా పెట్టలేదు, గోడలకూ పడకకూ పాయిఖానాకూ పెట్టిందే ఖర్చు. కాబట్టి అద్దె కొద్దిగానే వచ్చినా పెట్టినదాని మీద శాతం హైదరాబాద్ ఫ్లాటుకంటే మెరుగ్గా ఉండే వీలుంది. బస్తర్‌లో అద్దె వ్యాపారానికి అందరికంటే అనువైన చోట ఉన్నది బయటి పెట్టుబడిదారు కాదు, స్థానిక గిరిజన కుటుంబమే. దానికి లేనిది అప్పు ఒక్కటే.

అద్దెకుండేవాడి సంగతీ చూడాలి. మిరపకాయల కోతల కాలంలో బస్తర్ నుంచి వేలమంది కూలీలు ఖమ్మం, భద్రాద్రి వైపు దిగుతారు. చేల గట్ల మీద పరదాల కింద వారాల తరబడి ఉంటారు. మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిపిన సల్వాజుడుం రోజుల్లో, అంటే 2005 తర్వాత, ఊళ్లు విడిచి వచ్చిన గొత్తికోయలు ఇప్పటికీ తెలంగాణ అడవి అంచున పట్టా లేని గుడిసెల్లో ఉన్నారు. ఉత్తరానికి పెట్టుబడి వెళ్లే రహదారి మీదే దక్షిణానికి ఈ మనుషులు వస్తున్నారు. అద్దె ఇళ్ల గురించి రాసేటప్పుడు ఇల్లు కొనగలిగినవాడి లెక్క ఒక్కటే రాస్తే సగం సంగతి వదిలేసినట్టే. ఛత్తీస్‌గఢ్‌లో 2011 అద్దె నియంత్రణ చట్టం ఉంది, తగాదాలకు అద్దె నియంత్రణాధికారి ఉన్నాడు, రాయపూర్‌లో ట్రిబ్యునల్ ఉంది. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలి కాబట్టి అందరూ పదకొండు నెలల ఒప్పందాలు రాసుకుంటారు. ఇవన్నీ కాగితం రాసుకోగలిగిన అద్దెదారుకే పనికొస్తాయి. పరదా కింద ఉన్నవాడికి, కాంట్రాక్టరు చూపించిన రేకుల షెడ్డులో పదిమందితో పడుకునేవాడికి చేరవు.

హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు భవనాల యజమానులకు బ్యాంకులు ఒక రకం అప్పు ఇస్తాయి. రాబోయే అద్దెలను చూసి, వాటినే తిరిగి చెల్లింపుకు ఆధారంగా పెట్టుకుని ఇచ్చే అప్పు అది. లీజ్ రెంటల్ డిస్కౌంటింగ్ అని దాని పేరు. భవనం తాకట్టు ఎలాగూ ఉంటుంది, కానీ బ్యాంకు ధైర్యం అద్దెలోనే ఉంటుంది. ఆ ఊహనే నగర్నార్ చుట్టుపక్కల పల్లెలకు తేవచ్చు. కర్మాగారంలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు శుభ్రమైన గదులు కావాలి, పక్క ఊళ్లలో గిరిజన కుటుంబాలకు నేల ఉంది. గదులను కంపెనీకి లీజుకిస్తే అదీ బదిలీ అవుతుందన్న అనుమానం వస్తుంది, సమత తీర్పు చదివినవాళ్లకు ఆ అనుమానం రావాలి కూడా. కాబట్టి ధూడ్‌మారస్‌లో లాగే ఇల్లూ తాళమూ కుటుంబం దగ్గరే ఉండాలి, కంపెనీ తన కార్మికుల బసకు నెలనెలా సొమ్ము కట్టే ఏర్పాటు చేయాలి. ఆ నెలసరి చెల్లింపు బ్యాంకులోకి నేరుగా వస్తే, బ్యాంకు అడిగే హామీ అదే అవుతుంది, భూమి తాకట్టు మాట ఎత్తనక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టానికి ఛత్తీస్‌గఢ్ 2022లో నియమాలు తెచ్చింది కాబట్టి దీన్ని చర్చకు పెట్టడానికి గ్రామసభ ఎలాగూ ఉంది. రాజధానిలో విధానం తయారయ్యేదాకా ఆగవలసిన పని కూడా లేదు, ఒక పంచాయతీ, ఒక బ్యాంకు శాఖ, ఒక కంపెనీ అధికారి ఒప్పుకుంటే పది గదులతో మొదలుపెట్టవచ్చు.